జన్యు పరీక్షలో ఏమీ దొరకలేదంటే

ఆరోగ్యంగా ఉన్న మనిషి జన్యు పరీక్ష చేయించుకుంటే ఎక్కువసార్లు వచ్చే జవాబు ‘నెగెటివ్’. ముందే తెలిస్తే ఏదో ఒకటి చేయగల జబ్బుల జన్యువులను, ఏ లక్షణాలూ లేని పెద్దవాళ్ళలో వెతికితే వందమందిలో ఇద్దరు ముగ్గురికి చెప్పవలసిన మార్పు దొరుకుతుంది. తక్కిన వాళ్ళకు దొరకదు. వైద్యులూ జన్యు కౌన్సెలర్లూ తమ సమయాన్ని ఆ ఇద్దరు ముగ్గురికి కేటాయిస్తారు, అది న్యాయమే. మిగిలిన తొంభై ఏడు మందికి ఫోన్‌లో ఒక పీడీఎఫ్ వస్తుంది, దానితోపాటు ‘ఏం లేదు, నార్మల్’ అన్న మాట వస్తుంది. ఆ మాట విన్నవాళ్ళు సంతోషంగా ఇంటికి వెళ్ళి, పరీక్ష చెప్పని సంగతులు కూడా చెప్పిందనుకుంటారు. చెడు ఫలితం చెప్పడానికి ఎంత జాగ్రత్త కావాలో, నెగెటివ్ ఫలితం చెప్పడానికీ అంత జాగ్రత్త కావాలి. ఎందుకంటే దాన్ని అందుకునేవాళ్ళే ఎక్కువ మంది.

నెగెటివ్ రిపోర్టు నిజంగా చెప్పేది ఇంతే: వెతికిన జన్యువుల్లో, వాడిన పద్ధతికి అందినంత మేరకు, జబ్బు తెస్తుందని ఈ రోజుకు తెలిసిన మార్పు ఏదీ కనబడలేదు. వెతికిన జన్యువులు, వాడిన పద్ధతి, ఈ రోజుకు తెలిసినది: ఈ మూడు షరతుల్లో ఏ ఒక్కటి జారిపోయినా అర్థం మారిపోతుంది.

తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ షరతులను అర్థమయ్యేలా చెప్పడానికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇక్కడి పల్లెల నుంచి దశాబ్దాలుగా మగవాళ్ళు దుబాయి, సౌదీ, మస్కట్, కువైట్ పోతున్నారు. పోయే ముందు ‘మెడికల్’ తప్పదు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటి వాటికి రక్తం చూస్తారు. ఫిట్ అనో అన్‌ఫిట్ అనో తేల్చేస్తారు. ఫిట్ అయితే విమానం, అన్‌ఫిట్ అయితే అప్పు. పరీక్ష అంటే దాటే గడప అన్న భావన ఇళ్ళల్లో అలా స్థిరపడింది. 2021లో జిల్లాల్లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్ హబ్‌ల వల్ల పీహెచ్‌సీలో ఇచ్చిన రక్తం జిల్లా కేంద్రానికి వెళ్ళి, ఫలితం ఫోన్‌కే వస్తోంది. షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్ అంకెల పక్కనే ‘ఉండవలసిన స్థాయి’ ముద్రించి ఉంటుంది కాబట్టి, చదువు అంతంత మాత్రంగా ఉన్నవాళ్ళు కూడా రిపోర్టును పోల్చి చూసుకోగలుగుతున్నారు. ఇది మంచి మార్పు. జన్యు రిపోర్టు మాత్రం ఆ తరహాది కాదు. అందులో స్థాయి ఉండదు, ఫిట్ ఉండదు. గడప దాటడానికి అలవాటు పడిన చదువరికి అందులోని ‘నెగెటివ్’ ఫిట్‌లాగే వినబడుతుంది.

వెతికిన జన్యువుల సంగతి ముందు చూడాలి. మనిషిలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. వేరే కారణంతో జన్యుక్రమం చదివినప్పుడు అదనంగా బయటపడితే చెప్పవలసినవంటూ అమెరికాలోని మెడికల్ జెనెటిక్స్ కాలేజీ 2013లో ఇచ్చిన జాబితాలో ఉన్నవి 56. అది 2021లో 73కు, 2023లో 81కి పెరిగింది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు సంబంధించిన బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పేగు క్యాన్సర్‌కు దారితీసే లించ్ సిండ్రోమ్ జన్యువులు, పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా పెంచేవి, గుండె లయను దెబ్బతీసేవి అందులో ఉన్నాయి. ఒక్క జన్యువు చెడితే పెద్ద నష్టం జరిగే జబ్బులివి. మన దగ్గర ఇంటింటా కనిపించే టైప్ 2 షుగర్, బీపీ, మామూలు గుండెపోటు ఈ కోవలోకి రావు. వాటి వెనక వందల చిన్న చిన్న మార్పులు, తిండి, పని, నిద్ర, పొగ, వయసు అన్నీ కలిసి ఉంటాయి. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య రోజంతా నిలబడే కార్మికుడికి 81 జన్యువుల్లో ఏమీ దొరకకపోతే, అతని షుగర్ గురించి ఆ కాగితం ఒక్క ముక్క కూడా చెప్పనట్టే. తండ్రికి షుగర్ ఉంటే అతనికి వచ్చే అవకాశం నిన్న ఎంతో ఇవాళా అంతే.

క్యాన్సర్ విషయంలో పొరబడే వీలు ఇంకా ఎక్కువ. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా ఒకే జన్యువు ద్వారా వచ్చేవి 5 నుంచి 10 శాతం. తక్కినవన్నీ అలాంటి మార్పు లేనివాళ్ళకు వచ్చేవే. భారతదేశపు క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలో సుమారు 29 మంది స్త్రీలలో ఒకరికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. బీఆర్‌సీఏ నెగెటివ్ వచ్చిన స్త్రీకి దాదాపు ఈ అవకాశం అలాగే మిగిలి ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్. నోటి క్యాన్సర్‌కు మన ప్రాంతంలో ప్రధాన కారణం పొగాకు. ఈ రెంటికీ బీఆర్‌సీఏ రిపోర్టుతో పని లేదు. కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల వేల మంది ఆడవాళ్ళు పొగాకు దుమ్ము మధ్య బీడీలు చుట్టి బతుకుతున్నారు. వాళ్ళలో ఎవరికైనా జన్యు పరీక్ష నెగెటివ్ అని చెప్పేటప్పుడు, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మూడింటి పరీక్షలూ వయసును బట్టి కొనసాగించాలని అదే మాటలో చెప్పాలి. మరో రోజుకు వాయిదా వేస్తే ఆ రోజు రాదు.

నెగెటివ్‌లన్నీ ఒక్క బరువువి కావు. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. కోరుట్లలో పెద్దక్కకు నలభై లోపే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమెకు పరీక్ష చేస్తే బీఆర్‌సీఏ1లో ఫలానా చోట మార్పు ఉందని తేలింది. బీఆర్‌సీఏ1లో జబ్బు తెచ్చే మార్పు ఉన్న స్త్రీలలో 80 ఏళ్ళ లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 72 శాతం దాకా ఉంటుందని 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. ఇప్పుడు చెల్లెలికి సరిగ్గా ఆ మార్పు కోసమే వెతికారు, లేదు. ఇది గట్టి నెగెటివ్. అక్క నుంచి ఆమెను వెంటాడిన భయం నిజంగానే తొలగిపోయింది. ఆమె ప్రమాదం మామూలు స్త్రీల స్థాయికి దిగింది. ఆమె పిల్లలకు ఆమె వైపు నుంచి ఆ మార్పు వెళ్ళదు. ఈ శుభవార్తను సంకోచం లేకుండా చెప్పాలి. అతి జాగ్రత్తతో దీన్ని కూడా నీళ్ళు కలిపి చెప్పే వైద్యులున్నారు, అదీ తప్పే.

ఇంకో ఇంట్లో అమ్మ, మేనత్త ఇద్దరూ క్యాన్సర్‌తో పోయారు. వాళ్ళకు పరీక్ష ఎన్నడూ జరగలేదు. ముప్పై ఏళ్ళ కూతురు చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. దీని అర్థమేమిటి? ఇంట్లో ఒక మార్పు ఉండి, అది ఆమెకు రాకపోయి ఉండవచ్చు. లేదా ఇంట్లో తిరుగుతున్న మార్పు ఈ పరీక్షకు అందనిదై ఉండవచ్చు. రెంటిలో ఏదో తేల్చే దారి లేదు. ఆమె ప్రమాదాన్ని ఇప్పటికీ కుటుంబ చరిత్రను బట్టే అంచనా వేయాలి; ముందుగా మొదలయ్యే స్కానింగులు మానకూడదు. రెండు ఇళ్ళ రిపోర్టుల మీదా ఒకే పదం అచ్చవుతుంది. అందుకే వీలున్నప్పుడల్లా జబ్బు వచ్చినవాళ్ళకే మొదట పరీక్ష చేయాలని జన్యు వైద్యులు పట్టుబడతారు. తండ్రి వైపు చరిత్ర అడగడం కూడా ఇక్కడ ముఖ్యం. రొమ్ము క్యాన్సర్ అనగానే అమ్మ, అమ్మమ్మల వైపే చూస్తారు. బీఆర్‌సీఏ మార్పు నాన్న నుంచి రావడానికీ అంతే అవకాశం ఉంది.

ఎంత వెతికారన్నది అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు నేరుగా తగిలే ప్రశ్న. ఉమ్మి పంపితే ఇంటికే ఫలితం పంపే ట్వంటీత్రీఅండ్‌మీ సంస్థకు, బీఆర్‌సీఏ ఫలితాలు నేరుగా వినియోగదారులకు చెప్పడానికి అక్కడి ఎఫ్‌డీఏ 2018 మార్చిలో అనుమతి ఇచ్చింది. అప్పుడు చూసింది మూడు మార్పులను మాత్రమే, అవీ తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో తరచుగా కనిపించేవి. బీఆర్‌సీఏలో తెలిసిన మార్పులు వెయ్యికి పైగా ఉన్నాయని అదే ప్రకటనలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. జగిత్యాల నుంచి న్యూజెర్సీ వెళ్ళి స్థిరపడిన స్త్రీకి ఆ మూడూ లేవని తెలిస్తే ఆమెకు తెలిసింది దాదాపు శూన్యం. అయినా ఆమె ఊళ్ళో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి ‘మనకు లేదు’ అని చెప్పవచ్చు.

పద్ధతికి కూడా హద్దులున్నాయి. డీఎన్ఏ అక్షరాలను వరుసగా చదివే సీక్వెన్సింగ్ ఒక్కో అక్షరం మారితే బాగా పట్టుకుంటుంది. పెద్ద ముక్క ఎగిరిపోయినా, ఒకే అక్షరాల గుంపు పదే పదే రెట్టించినా తప్పిపోవచ్చు. హంటింగ్టన్ జబ్బు, కొన్ని రకాల అటాక్సియాలు అలా రెట్టించడం వల్ల వచ్చేవే. వాటికి వేరే పరీక్షలు కావాలి. జన్యువుల మధ్యలో ప్రొటీన్ తయారీకి పనికిరాని భాగాల్లో ఉన్న మార్పులనూ చాలా పరీక్షలు చదవవు.

ఈ చివరి మాటకు మన ఉదాహరణే ఉంది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందని, గుండె కండరం జబ్బులతో దానికి సంబంధముందని 2009లో బయటపడింది. ఆ పరిశోధనలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ప్రధాన పాత్ర వహించారు. ఐరోపా జనాన్ని చూసి తయారుచేసిన జాబితాలో అలాంటి మార్పుకు చోటు ఉండకపోవచ్చు. దాని కథ అక్కడితో ఆగలేదు. ఆ మార్పు ఉన్నవాళ్ళందరికీ ఒకే ముప్పు లేదనీ, దానితోపాటు మరో చిన్న మార్పు కూడా ఉన్న కొద్దిమందిలోనే అసలు ముప్పనీ 2018లో మరో అధ్యయనం చెప్పింది. 2008లో నెగెటివ్, 2010లో పాజిటివ్, 2018 తర్వాత ‘ఇంకోటి చూడాలి’: ఒకే మనిషి రక్తం ఇన్ని జవాబులు ఇచ్చి ఉండేది.

ఇలా మన దగ్గరే కనిపించే మార్పులు ఇంకా ఉండటానికి కారణముంది. సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలించాయి. వాటిలో 81 సముదాయాలు ఫిన్లాండ్ ప్రజల కంటే, అష్కెనాజీల కంటే కూడా ఎక్కువగా కొద్దిమంది పూర్వీకుల నుంచే వచ్చాయని తేలింది. తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే అలవాటు వల్ల, ఒక పూర్వీకుడిలోని మార్పు సముదాయం అంతటా పాకుతుంది. వైశ్యులు దీనికి తెలిసిన ఉదాహరణ. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం వాళ్ళలో ఇతరుల కంటే వంద రెట్లు ఎక్కువ. ఈ లోపంతో రోజువారీ జీవితానికి ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ అనే కండరాలను సడలించే మందు ఇస్తే మాత్రం, నిమిషాల్లో తేరుకోవలసినవాళ్ళు గంటల తరబడి ఊపిరి తీసుకోలేక వెంటిలేటర్ మీద ఉండిపోతారు. వైశ్య కుటుంబంలో ఒకరికి ఈ పరీక్ష నెగెటివ్ వస్తే అది మత్తు డాక్టరుకు పనికొచ్చే సమాచారం. ఇంకే జబ్బు గురించీ అది ఏమీ చెప్పదు. దేశంలోని 83 సముదాయాల నుంచి 10,000 మంది జన్యుక్రమాలను చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇలాంటి సమాచారం పెరిగేకొద్దీ నేటి నెగెటివ్‌లు కొన్ని మారతాయి. ‘అర్థం తెలియని మార్పు’ అని ఇవాళ రాస్తున్నవి కొన్ని అటో ఇటో తేలతాయి.

ఈ జిల్లాల్లో ఎక్కువ మందికి ఎదురయ్యే జన్యు పరీక్ష ఇంత ఖరీదైనది కాదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను చూసే పరీక్ష. బీటా తలసీమియా, సికిల్ సెల్ రెండూ తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన జన్యువు వస్తేనే బిడ్డకు జబ్బుగా మారతాయి. ఒక్కరి నుంచే వస్తే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, క్యారియర్ అవుతాడు. ఇద్దరు క్యారియర్లు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. దేశంలో బీటా తలసీమియా క్యారియర్లు 3 నుంచి 4 శాతం ఉంటారని అంచనా. సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. అందులో మొదటి మెట్టుగా వాడే సాల్యుబిలిటీ పరీక్ష చవకైనది, త్వరగా అయ్యేది. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే ద్రావణం మసకబారుతుంది. తలసీమియా క్యారియర్ రక్తంతో మాత్రం మసకబారదు. అతను ‘నెగెటివ్’ కార్డుతో ఇంటికి వెళ్ళి, సికిల్ క్యారియర్ అయిన అమ్మాయిని చేసుకుంటే, పుట్టే బిడ్డకు సికిల్ బీటా తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంది. కార్డు అబద్ధం చెప్పలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పలేదు, అంతే.

తలసీమియా క్యారియర్‌ను హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం శాతం చూసి గుర్తిస్తారు, సాధారణంగా 3.5 దాటితే అనుమానిస్తారు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇనుము తక్కువైతే హెచ్‌బీఏ2 కూడా తగ్గి, సరిహద్దులో ఉన్న విలువ మామూలుగా కనబడుతుంది. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా ఫలితం తప్పుదోవ పట్టవచ్చు. అందువల్ల రక్తం బాగా తక్కువున్న గర్భిణికి ‘తలసీమియా లేదు’ అని చెప్పే ముందు భర్త రక్తం చూడటం తెలివైన పని. భర్త గల్ఫ్‌లో ఉంటే? ఈ జిల్లాల్లో ఈ ప్రశ్న మాటిమాటికీ వస్తుంది. అప్పుడు ఆమె రిపోర్టులో అనుమానాన్ని దాచకుండా రాసి, ఇనుము మాత్రలు వాడాక మళ్ళీ చూడాలని తేదీ వేసి ఇవ్వాలి; అవసరమైతే డీఎన్ఏ పరీక్షకు హైదరాబాద్ పంపాలి. 1998లో ఏర్పడిన హైదరాబాద్‌లోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ, సీడీఎఫ్‌డీ, నిమ్స్ జన్యు విభాగం ఇందుకు ఉన్న చోట్లు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి కాబట్టి, కనీసం ఈ మాటలు చెప్పగల వైద్యులు ఇప్పుడు దగ్గర్లోనే తయారవుతున్నారు.

మేనరికం పెళ్ళిళ్ళలో నెగెటివ్ రిపోర్టును సర్టిఫికెట్‌లా చూపే ధోరణి ప్రమాదకరం. ఏ దంపతులకైనా పుట్టుకతో లోపమున్న బిడ్డ కలిగే అవకాశం 2 నుంచి 3 శాతం. మేనబావ మేనమరదళ్ళ మధ్య అది సుమారు రెట్టింపు అవుతుంది. ఇద్దరికీ చేసిన పరీక్షలో ఉమ్మడి మార్పు దొరకకపోతే కొన్ని జబ్బుల భయం పోతుంది, మొత్తం అదనపు ప్రమాదం పోదు. ఇది పెళ్ళి మాటలకు ముందే చెప్పాలి. పెళ్ళి కుదిరాక చెబితే వినే చెవి ఉండదు.

వినేవాళ్ళు నెగెటివ్‌ను ఎలా గుర్తుంచుకుంటారో పరిశోధనలు చూపాయి. బ్రిటన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బుకు క్యారియర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళను మూడేళ్ళ తర్వాత అడిగి, 1996లో లాన్సెట్‌లో ఫలితాలు ప్రచురించారు. నెగెటివ్ వచ్చినవాళ్ళలో చాలామంది తాము క్యారియర్ కానే కామని నమ్ముతున్నారు. వాళ్ళకు చెప్పింది అది కాదు. అప్పటి పరీక్ష మార్పుల్లో దాదాపు 85 శాతాన్నే పట్టగలిగేది. అక్కడ 25 మందిలో ఒకరు క్యారియర్. నెగెటివ్ వచ్చాక ఆ అవకాశం సుమారు 160లో ఒకటికి దిగుతుంది, సున్నాకు కాదు. చెప్పినప్పుడు అర్థమైనవాళ్ళు కూడా తర్వాత మరిచారు. కాబట్టి నోటి మాట చాలదు. ఇంట్లో దాచుకునే కాగితం కావాలి, తెలుగులో కావాలి.

ఆ కాగితం రెండు పేజీలు దాటకూడదు. శాతాల కంటే ‘వందమందిలో ఇంతమంది’ అన్న లెక్క నయం. మొదటి వాక్యం శుభవార్తను సూటిగా చెప్పాలి: ‘మేము చూసిన జన్యువుల్లో జబ్బు తెచ్చే మార్పు దొరకలేదు.’ వెంటనే, అదే అక్షరాల సైజులో, ఏవి చూశారో, ఏవి చూడలేదో జబ్బుల పేర్లతో రాయాలి. జన్యువుల పేర్లు అనుబంధంలో చాలు. ఆ తర్వాత మానకూడని పరీక్షలు ఆ మనిషి వయసును బట్టి, ఆడా మగా చూసుకుని రాయాలి. చివర్లో, ఎప్పుడు మళ్ళీ రావాలో: ఇంట్లో కొత్తగా ఎవరికైనా చిన్న వయసులో క్యాన్సర్, ఆకస్మిక గుండెపోటు మరణం వంటివి జరిగితే, లేదా కొన్నేళ్ళు గడిస్తే. ‘చింతించకండి’ అన్న మాట రాయకపోవడమే మంచిది. చదివేవాళ్ళకు అదొక్కటే మిగులుతుంది.

అంతకంటే ముఖ్యమైన మాట రక్తం తీయకముందు జరగాలి. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు జన్యు పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలని చెబుతున్నాయి. ‘ఇందులో ఏం దొరక్కపోతే మీకు ఏమి తెలుస్తుందనుకుంటున్నారు?’ అని ముందే అడిగితే సగం అపోహ అక్కడే బయటపడుతుంది. ఫలితం చెప్పాక, ఇంటికి వెళ్ళి ఇంట్లోవాళ్ళకు ఎలా చెబుతారో చెప్పమని అడగాలి. ‘దీన్ల నాకేం దొరకలేదు గని, మమోగ్రాం మాత్రం బంద్ చేయొద్దన్నరు’ అని ఆమె తన మాటల్లో అన్నదంటే విషయం చేరినట్టు. ‘నాకేం కాదట’ అన్నదంటే మళ్ళీ మొదటికి రావాలి. పరీక్ష కాదు, తప్పు పట్టడం కాదు అని ఆమెకు తోచేలా ఈ అడగడం మెత్తగా జరగాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఈ పని డాక్టర్ల కంటే బాగా చేయగలరు, ఎందుకంటే వాళ్ళు ఆ ఇంటి మాట మాట్లాడతారు.

గట్టి నెగెటివ్ వచ్చినవాళ్ళ మనసులో జరిగేదాన్ని కూడా పట్టించుకోవాలి. అక్కకు ఉండి చెల్లెలికి లేదని తేలినప్పుడు చెల్లెలు ఊరటతోపాటు అపరాధ భావంతో నలుగుతుంది. అక్క ముందు సంతోషించలేకపోతుంది, అక్క పక్కన లేనప్పుడు ఏడవలేకపోతుంది. కొందరు అన్నేళ్ళ భయం అలవాటై, నెగెటివ్‌ను నమ్మలేక మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేయించుకుంటారు. కౌన్సెలర్ అక్కతోనూ చెల్లెలితోనూ వేర్వేరుగా మాట్లాడాలి. ఒకరి ఫలితం ఇంకొకరికి చెప్పే హక్కు కౌన్సెలర్‌కు లేదు. ఇంటి పెద్ద ఫోన్‌కు రిపోర్టు పంపే అలవాటు ఇక్కడ చెల్లదు. ఫలితం ఎవరిదో వాళ్ళ నంబరుకే వెళ్ళాలి; ఆ నంబరు భార్యకో కోడలికో సొంతంగా లేకపోతే చేతికే ఇవ్వాలి.

రిపోర్టును దాచుకునే విషయంలో మూడు వివరాలు తప్పక ఉండేలా చూసుకోవాలి: పరీక్ష చేసిన తేదీ, ల్యాబ్ పేరు, చూసిన జన్యువుల జాబితా లేదా పరీక్ష పద్ధతి. కొన్నేళ్ళ తర్వాత మరో వైద్యుడు పాత సమాచారాన్ని కొత్త జాబితాతో పోల్చి చూడాలంటే ఈ మూడూ కావాలి. పూర్తి జన్యుక్రమం చదివిన సందర్భాల్లో మళ్ళీ రక్తం ఇవ్వనక్కరలేకుండా పాత డేటానే తిరిగి విశ్లేషించవచ్చు. అందుకు ల్యాబ్ ఎన్నేళ్ళు డేటా ఉంచుతుందో, మళ్ళీ విశ్లేషించడానికి ఖర్చెంతో మొదటిరోజే అడిగి రాయించుకోవాలి.